వేట లేని రోజుల్లో చూసిన ఊళ్ళు

పాలకాయతిప్ప,
12 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు,

వదిన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను. అది అడగడానికి మళ్ళీ ఒక ఉత్తరం దండగ చెయ్యకు.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకోకు. ఫోను మీ బావ కోసం ఖాళీగా ఉంచుతున్నాను. అది మోగినప్పుడల్లా పొయ్యి దగ్గర నుంచి లేచి పరిగెత్తుతున్నాను. తీరా చూస్తే లోను కావాలా అని ఎవరో అమ్మాయి, లేకపోతే "తిన్నావా అమ్మాయ్" అని నువ్వు. నీ గొంతు విన్న ప్రతిసారీ నాకు తెలిసేది ఒక్కటే, అది ఆయన కాదని. అందుకని ఇకమీదట చెయ్యొద్దు. ఏదున్నా రాయి.

మీ బావ పోయాడని ఊళ్ళో అందరూ అనేసుకున్నారు. నేను అనుకోలేదు. హరిబాబు సంగతి చూడు. డిసెంబరు గాలివానలో ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు. పడవ తిరగబడి ఖాళీగా ఒడ్డుకొస్తే ఇద్దరికీ కలిపే ఏడ్చారు. నాలుగు రోజులకి హరిబాబు ఎవరిదో నిక్కరు వేసుకుని బస్సు దిగాడు. ట్రాలరు వాళ్ళు తీసి కాకినాడలో దించారట. మీ బావ చెక్క పట్టుకుని దక్షిణంగా కొట్టుకుపోవడం చూశానని వాడే చెప్పాడు. చూశాననే చెప్పాడు, మునిగాడని చెప్పలేదు. ఆయన్ని మాత్రం ఇంకో ట్రాలరు వాళ్ళు తీసి ఉండకూడదా?

పదిహేనో తారీకు నుంచి వేట నిషేధం. రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులందరూ రేవుల్లోనే దొరుకుతారు. ఏటా ఈ రోజుల్లోనే కదా మీరిద్దరూ ఏదో ఒక పట్నం చూసొచ్చేది. ఈసారి నువ్వొక్కడివే వెళ్ళు. రేవులున్న ఊళ్ళకి వెళ్ళు. ఎప్పుడూ తిరిగినట్టే తిరుగు, తినేవి తిను, తాగేది తాగు, చూసేవి చూడు. అలాగే రేవుకెళ్ళి ఫోటో చూపించి అడుగు. తిరిగొచ్చాక వారం పాటు ఆయన నాకు ఆ కబుర్లే చెప్పేవాడు. ఈసారి నువ్వు రాయి.

ఇంకొకటి. ఇక్కడికి రావద్దు. మొన్న నువ్వూ వదినా వచ్చి అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళంతా ఆగి, గొంతు తగ్గించి మాట్లాడారు. చావింటి ముందు మాట్లాడినట్టు. వస్తే వార్త తీసుకుని రా, లేకపోతే ఆయన్ని తీసుకుని రా.

నీ చెల్లెలు,
అంకమ్మ.


విశాఖపట్నం,
23 ఏప్రిల్ 2025.

చి.ల.సౌ. అంకమ్మకు, ఇంత దూరం నుంచే నెత్తిన అక్షింతలు వేసి పోతయ్య రాసేది.

నువ్వు చెప్పినట్టే బయల్దేరాను. మీ వదిన దారిలో తినమని ఒక డబ్బా, ఎవరికైనా పెట్టమని ఒక డబ్బా బందరు లడ్డూ కట్టించింది. రెండోది ఎవరికని అడిగితే సంచి మూతి గట్టిగా బిగించింది. నేను సంచి అందుకున్నాను.

బందరులో బండెక్కితే కిటికీ నాది, గుమ్మం బావది. ఏటా అంతే. గుడివాడలో బండి ఆగీ ఆగకముందే దూకి ఇడ్లీ పొట్లాలు కొనేవాడు. బండి కదిలాక గానీ ఎక్కేవాడు కాదు. నేను తిట్టేవాణ్ణి, ఆ తిట్లు తినడానికే అలా చేసేవాడు. ఈసారి గుడివాడలో బండి ఆగింది. కదిలింది. ఎవరూ పరిగెత్తుకుంటూ రాలేదు. ఇడ్లీ కొనాలని తోచనేలేదు, భీమవరం దాటాక ఆకలేసింది.

ఇక్కడ బీచిలో ముంత మసాలా తిన్నాను. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ. కాగితం పొట్లంలో పెట్టిచ్చాడు. అలవాటు కొద్దీ తిన్నాక ఆ కాగితం విప్పి చదివాను. నా చదువంతా అలాంటిదే కదా. నాన్న ఎండుచేపలు కట్టే పేపర్లలోనే అక్షరాలు నేర్చుకున్నాను, అందుకే నాకు ప్రపంచంలో ఏ వార్త అయినా సగం దాకానే తెలుసు. ఎవరో దొంగను పట్టుకోబోతుంటారు, అక్కడ చిరిగిపోతుంది. ఏదో దేశంలో రాజు మంచం పట్టి ఉంటాడు, మిగతాది ఎవరి చేపలకో చుట్టేసి ఉంటారు. ఆ రాజు బతికాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. అలా తెలియకుండానే ఈ వయసు వచ్చింది, పెద్ద ఇబ్బందేమీ కాలేదు.

పబ్బు సంగతి. బీచి రోడ్డులో ఒక మేడ మీద ఉంది. గుమ్మంలో నల్లచొక్కా మనిషి, తలుపంత వెడల్పు.

"ఒక్కరేనా అండి?"

"ఒక్కణ్ణే."

"ఒంటరి మగవాళ్ళని లోపలికి పంపమండి. జంటలకే."

పోయినేడు హైదరాబాదులోనూ ఇదే అయింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "మేం బావా బావమరుదులం. ఇంతకంటే జంట ఎక్కడ దొరుకుతుందయ్యా నీకు?" అని నిలదీశాడు. అయినా పంపలేదు. ఎదురుగా బండి మీద మిరపకాయ బజ్జీలు తిని పడుకున్నాం. నీకు మాత్రం మేనేజరు లేచొచ్చి కుర్చీలు జరిపాడని చెప్పాడట, మీ వదిన అంది. కుర్చీలు లేవు, మేనేజరూ లేడు.

ఈసారి వెనక్కి తిరగాలని కూడా తోచలేదు, ఊరికే అక్కడే నిలబడ్డాను. కాసేపటికి అతనే అడిగాడు, "ఏ ఊరండి మీది?"

"బందరు."

"అయ్యో! మాది గుడివాడండి. ముందే చెప్పొద్దా బాబాయ్! ఆ మూల బల్ల దగ్గర అరగంట కూర్చుని వచ్చేయండి. మా సారు చూస్తే మా మావయ్యని చెప్తాను."

"ఇప్పుడేగా బాబాయ్ అన్నావు?"

"లోపల మావయ్యండి."

రెండో డబ్బా విప్పి లడ్డూ పెట్టాను. వదిన ముందుచూపు అలాంటిది.

లోపల పెద్ద పెద్ద రాగి గుండిగలు. బీరు అక్కడే కాస్తారట. రుచికి పుల్లటి గంజిలో నిమ్మతొక్క పిండినట్టు ఉంది. పాట మన ట్రాలరు ఇంజను మోతలాగే ఉంది, కాకపోతే ఇంజను ఎక్కడికో తీసుకుపోతుంది. చేప వేపుడు చెప్పాను.

"ఇది ఏ చేపయ్యా?"

"ఫిష్ సార్."

"ఫిష్షే. పండుగప్పా, మాగా, సొరా?"

"బోన్‌లెస్ సార్."

బావ ఉంటే వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. నేను తినేశాను.

మర్నాడు సబ్‌మెరీను చూశాను. సముద్రం అడుగున తిరిగిన ఓడ, ఇప్పుడు ఇసక మీద బోర్లించిన బుంగలా ఉంది. లోపల దారి మన తాటాకింటి పంచంత ఇరుకు. రోజుల తరబడి నీళ్ళ కిందే ఉండి మళ్ళీ పైకి వచ్చేదని చూపించేవాడు చెప్పాడు. అందరూ ఆహా అన్నారు. నేను పైకప్పుకున్న గుండ్రటి మూత కేసి చూస్తూ నిలబడితే, వెనకవాళ్ళు "నడవండి తాతగారూ" అన్నారు. నడిచాను.

రేవులో అడిగాను. లేదన్నారు.

ఆరోగ్యం జాగ్రత్త. ఎండలో తిరగకు.

అన్న,
పోతయ్య.


పాలకాయతిప్ప,
29 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు,

ఉత్తరం అందింది. ముంత మసాలాకి సగం పేజీ, పబ్బుకి పేజీ, రేవుకి ఒక్క మాట. ఎవర్ని అడిగావు? బోట్ల వాళ్ళనా, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళనా? ఏ ఫోటో చూపించావు? మీసం ఉన్నది చూపించావేమో. ఆయన కార్తీకంలో తిరపతిలో గుండు చేయించుకున్నాడు, మీసం కూడా తీసేశాడు. ఇప్పటికి జుట్టు చెవుల దాకా వచ్చి ఉంటుంది. మీసం ఒత్తుగా వచ్చి ఉండదు, ఆయనకి నెమ్మదిగా వస్తుంది. అలా వివరంగా చెప్పి అడగాలి.

మేనేజరు కుర్చీలు జరపలేదని నాకు అప్పుడే తెలుసు. చొక్కా ఉతుకుతుంటే బజ్జీల నూనె మరక వదల్లేదు. కుర్చీలో కూర్చుని తిన్నవాడి చొక్కా అలా ఉండదు. అయినా చెప్పించుకున్నాను. చెప్తుంటే బాగుంటుంది.

నిన్న మా ఊరి పెద్ద గోవర్ధనరావు మావయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు వేసవి గురించి మాట్లాడాడు. తర్వాత, "అమ్మా అంకమ్మా, నాంచారయ్యకి ఒక దారి చూపించాలి కదా. దర్భలతో బొమ్మ చేసి కార్యం జరిపిద్దాం. తలకొరివి మీ మరిది కొడుకు నాని పెడతాడు. ఎన్నాళ్ళని వాణ్ణి అలా నీళ్ళ మీదే నిలబెడతావు?" అన్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. ఆడవాళ్ళు రోజూ నా చేతుల కేసి చూస్తారు, గాజులు ఉన్నాయా లేదా అని. ఉన్నాయి.

ఏడుపు రావడం లేదన్నయ్యా. అది కూడా ఊళ్ళో వింతగా చెప్పుకుంటున్నారు. ఏడవాలంటే ఏదో ఒకటి తెలియాలి కదా.

నువ్వేదైనా తెలిస్తే దాచకు. చెప్పడానికి నోరు రాకపోయినా ఏదో ఒక రకంగా చెప్పు.

అంకమ్మ.


పుదుచ్చేరి,
9 మే 2025.

అమ్మాయ్ అంకమ్మా,

సముద్రం ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను, ఎండకి కాగితం కనిపించడం లేదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకో.

ఇది ఫ్రెంచి వాళ్ళు కట్టిన ఊరు. ఇళ్ళన్నీ పసుపు, తలుపులన్నీ తెలుపు, గోడల మీద కాగితంపూల తీగ. అడుగడుక్కీ గోడకి ఆనుకుని ఫోటోలు దిగుతున్నారు. మన బందరులోనూ ఫ్రెంచిపేట ఉంది, అక్కడ గోడకి ఆనుకుంటే సున్నం వీపుకంటుతుంది తప్ప ఫోటో రాదు. ఫ్రెంచివాళ్ళు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అందరూ మన రేవుకి వచ్చినవాళ్ళే. మన దోమలు చూసి ఒక్కొక్కరే సర్దుకున్నారు. ఉండిపోయి ఉంటే మన ఇల్లు కూడా పసుపు రంగులో ఉండేది, మీ వదిన గోడకానుకుని నిలబడేది. మోకాళ్ళ నొప్పులు మాత్రం అలాగే ఉండేవి.

మందు ఇక్కడ సోడాబుడ్డి కంటే సులువుగా దొరుకుతుంది. అందుకేనేమో తాగాలనిపించలేదు, ఒకటి తీసుకుని దాని కేసి చూస్తూ కూర్చున్నాను. ఆ హోటలు దొరలు తినేది. కార్డంతా ఫ్రెంచి. వేలు పెట్టి ఒకటి చూపించాను. చేప వచ్చింది, తెల్లటి పులుసులో. ఉప్పూ కారం వెయ్యడం మర్చిపోయి, ఆ తప్పు కనిపించకుండా పైన పాలు పోసినట్టుంది. పక్క బల్ల దగ్గర నా ఈడు దొర ఒకాయన అదే తింటున్నాడు, కళ్ళు మూసుకుని మరీ. నాకు జాలేసింది. సంచిలోంచి బందరు హల్వా తీసి ముక్క పెట్టాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు, ఈసారి చాలాసేపు తెరవలేదు. నా భాష ఆయనకి రాదు, ఆయనది నాకు రాదు. ఇద్దరం అలా సముద్రం కేసి చూస్తూ హల్వా అంతా అవగొట్టాం. ఈ ప్రయాణంలో నాకు హాయిగా గడిచిన పూట అదొక్కటే. ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇక్కడ సాయంత్రాలు ఈ ఒడ్డు రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. జనం అటూ ఇటూ ఊరికే నడుస్తారు. ఒక చివర నుంచి మరో చివరకి, మళ్ళీ అక్కణ్ణుంచి ఇటు. నేనూ నడిచాను. వాళ్ళకీ నాకూ తేడా కనిపించలేదు.

నీకొకటి కొరియరులో పంపాను. అదేమిటో ఇక్కడ రాయను. చూస్తే నీకే అర్థమవుతుంది.

అన్న,
పోతయ్య.


పాలకాయతిప్ప,
15 మే 2025.

అన్నయ్యకు,

చీర మొన్న వచ్చింది. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. చీర విప్పినప్పుడు అనుమానం వచ్చింది, ఉత్తరం చదివాక పోయింది.

బూడిద రంగు చీర, అంచు లేదు. రవికల గుడ్డ లేదు, పసుపూ కుంకుమా లేవు. నువ్వు చేత్తో తేలేదు, ఎవరో బండి మీద వచ్చి గుమ్మంలో ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ లేకుండా చీర ఎప్పుడు పెడతారో నాకు తెలుసు. నాన్న పోయాక అమ్మకి మన మావయ్య పదో రోజున పెట్టినప్పుడు దాని మడత విప్పింది నేనే కదా.

ఉత్తరంలో రేవు మాట లేదు. పైన సౌభాగ్యవతి అని ఎప్పుడూ రాసేవాడివి, ఈసారి రాయలేదు. నోరు రాకపోతే ఏదో ఒక రకంగా చెప్పమన్నాను. చెప్పావు. ఎక్కడ దొరికాడు, ఎవరు చెప్పారు అని ఇప్పుడు అడగను. నువ్వు వచ్చినప్పుడు నీకు చేతనైతే చెప్పు, లేకపోతే మానెయ్.

గోవర్ధనరావు మావయ్యతో సరే అన్నాను. ఈ అమావాస్య వెళ్ళిన మర్నాడు, సాగరసంగమం దగ్గర. నాని ఒప్పుకున్నాడు. నువ్వూ వదినా రండి.

ఇవాళ కొర్రమీను వండాను. ఉప్పు ఎక్కువైంది. తినేశాను.

అంకమ్మ.


కొచ్చి,
16 మే 2025.

చి.ల.సౌ. అంకమ్మకు, పోతయ్య కుశలమే కోరి రాసేది.

పుదుచ్చేరి నుంచి ఇంటికొచ్చి వారం కాకుండానే ఇటు బండెక్కాను. మీ వదిన, "ఈసారి లడ్డూ లేదు, హల్వా లేదు, ఊళ్ళవాళ్ళందరికీ పెట్టి వస్తున్నావు" అంది. అయినా సంచి విప్పితే ఉంది. నువ్వు పార్సిలు విప్పే ఉంటావు. బాగుందా? కొట్టమ్మాయి, "ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అంకుల్, తెల్లవారకముందు సముద్రం రంగు" అంది. నేను చూసిన సముద్రం ఏనాడూ ఆ రంగులో లేదు గానీ, ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది, కాదనలేకపోయాను.

ఇక్కడ ఒడ్డునే చీనావలలని ఉన్నాయి. నాలుగు గడలు వంచి మధ్యలో వల వేలాడదీస్తారు. దించుతారు, కాసేపు ఆగుతారు, రాళ్ళ బరువుతో పైకి లేపుతారు. పడవెక్కనక్కర్లేదు, తడవనక్కర్లేదు. చేపలకంటే చూడటానికి వచ్చిన జనం ఎక్కువ. బావ చూసుంటే, "ఇది వేటా, ఉయ్యాలా?" అనేవాడు. ఆ మాట నేను పైకే అన్నాను. పక్కాయన నా కేసి చూశాడు.

కల్లు కొట్టుకి వెళ్ళాను. మన కల్లుపాకలా మూతి తుడుచుకుంటూ బయటికొచ్చే చోటు కాదు, ఇంటిల్లిపాదీ పిల్లలతో వచ్చి తింటున్నారు. అరటాకులో చుట్టి పెనం మీద కాల్చిన చేప. ముల్లు గుచ్చుకుంది, ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ముల్లున్న చేప దొరికింది.

ఇక అసలు సంగతి, నువ్వు ఒక్క మాట అని దెప్పావు కనుక పూర్తిగా రాస్తున్నాను. ఈ తీరంలో నిషేధం ఇంకా మొదలుకాలేదు, బోట్లన్నీ వేటకెళ్ళి వస్తున్నాయి. రేవులో హిందీ వచ్చిన ఒకతనికి ఫోటో చూపించాను, గుండూ జుట్టూ మీసం అన్నీ నువ్వు చెప్పినట్టే చెప్పాను. "చలికాలంలో బోటు వాళ్ళు తెచ్చిన తెలుగాయన ఒకడున్నాడు, ఆ వాడలో కల్లు కొట్టులో వండుతున్నాడు" అన్నాడు. నేను ఆటో ఎక్కాను. దారిలో సంతోషం కలగలేదు, భయమూ కలగలేదు. ఆటో మీటరు కేసి చూస్తూ కూర్చున్నాను. వంటింటి వెనక గుమ్మంలోంచి చూశాను. చేపలు శుభ్రం చేస్తున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ఇరవై దాటి ఎన్నేళ్ళో ఉండవు. బోటులో పనికి కుదిరి, సముద్రం పడక ఒడ్డునే ఉండిపోయాడట. ఎవరూ నీళ్ళలోంచి తీయలేదు. నా ఫోటో చూసి, "మీవాడాండి?" అని అడిగాడు. మావాడే అన్నాను. "భోజనం చేసి వెళ్ళండి" అన్నాడు. చేశాను. పైన రాసిన చేప అదే.

ఎల్లుండి బయల్దేరుతున్నాను.

అన్న,
పోతయ్య.


గిలకలదిండి, బందరు,
21 మే 2025.

చి.ల.సౌ. అంకమ్మకు. సౌభాగ్యవతి అనే రాస్తున్నాను, చూసుకో.

నిన్న ఇల్లు చేరేసరికి నీ ఉత్తరం మీ వదిన చేతిలో ఉంది. నన్ను కాళ్ళు కూడా కడుక్కోనివ్వలేదు.

"ఏం రంగు పంపావు?"

"తెల్లవారకముందు సముద్రం రంగు."

"రవికల గుడ్డ?"

"కొట్టులో విడిగా అడగాలని నాకెలా తెలుస్తుంది?"

"పసుపు? కుంకుమ?"

"పుదుచ్చేరిలో అవెక్కడ దొరుకుతాయే?"

"అక్కడ గుళ్ళు లేవా! మగాళ్ళు చీర పెట్టబోతే ఇలాగే ఉంటుంది. ఆ పిల్ల మెళ్ళో నల్లపూసలు నీ చేత్తో తెంపొచ్చావు" అని తల బాదుకుంది. తర్వాత ఏడ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను.

అమ్మాయ్, నాకేమీ తెలియదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. పుదుచ్చేరి రేవులోనూ అడిగాను, లేదన్నారు. ఒక్క మాటే కదా, ఆ ఒక్క మాట మళ్ళీ రాస్తే నువ్వు దెప్పుతావని రాయలేదు. ఎండలో రాస్తూ సౌభాగ్యవతి మర్చిపోయాను. చీర ఊరికే కొన్నాను. ఎప్పుడూ నీకేమీ తేలేదు, కబుర్లు తప్ప. అవి కూడా బావే చెప్పేవాడు, సగం అబద్ధాలు కలిపి. ఈసారి చెప్పే మనిషి లేడు కనుక ఒక వస్తువు పంపుదామనిపించింది. అంతే. చూస్తే అర్థమవుతుందని రాశాను. నాకు చాతుర్యం ఎక్కువైంది.

ఫోను తీశాను. మోగితే బావ అనుకుని లేచి పరిగెత్తుతావని పెట్టేశాను. అవనిగడ్డ బస్సెక్కుదామని స్టాండు దాకా వచ్చాను. వార్త లేకుండా రావద్దన్నావు. ఇప్పుడు నేను నీ గుమ్మంలో నిలబడితే అది ఆ చీర కంటే పెద్ద కబురు. వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను.

మీ వదిన రవికల గుడ్డ కోసుకొచ్చింది, అంచున్నది, ఎర్రటిది. పసుపు కుంకుమ పొట్లాలు కట్టింది. ఈ కవరులోనే పెట్టి స్పీడుపోస్టు చేస్తున్నాను. చీర మీద పెట్టుకో. అప్పుడది మామూలు చీరే అవుతుంది. గోవర్ధనరావు గారికి నా మాటగా చెప్పు, పోతయ్య ఏమీ కనుక్కోలేదని, అమావాస్య కార్యం ఆపమని. నా పొరపాటుకి బావ చచ్చిపోనక్కర్లేదు.

జూన్ పద్నాలుగు దాకా నిషేధం ఉంది. చెన్నై చూడలేదు. రామేశ్వరం చూడలేదు. వెళ్ళమంటే రేపే వెళ్తాను.

అన్న,
పోతయ్య.


పాలకాయతిప్ప,
24 మే 2025.

అన్నయ్యకు,

కవరు వచ్చింది. దారిలో పొట్లం చిరిగినట్టుంది, ఉత్తరమంతా పసుపయింది. నీ ఆఖరి పేజీ సగం కనిపించలేదు. చీర ఊరికే కొన్నావనేది కనిపించింది. కొచ్చిది ముందురోజు వచ్చింది, అదీ చదివాను. ఆ కుర్రాడు నీకు అన్నం పెట్టడం బాగుంది.

వదిన్ని ఏడవొద్దని చెప్పు. నీ తప్పేమీ లేదు. కానీ కార్యం ఆపడం లేదు.

ఎందుకో చెప్తాను. చీర వచ్చిన రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మర్నాడూ అంతే. పొయ్యి వెలిగించాను, నీళ్ళు తెచ్చాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నీకు ఉత్తరం రాసి, కోడూరు వెళ్ళే ఆటో అతనికి ఇచ్చి వచ్చాక, కిటికీలో ఉన్న ఫోను మీద చెయ్యి పడింది. చల్లగా ఉంది. ఛార్జింగు అయిపోయి ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. డిసెంబరు నుంచి ఒక్క పూట కూడా దాన్ని అలా వదల్లేదు. కరెంటు పోతే హరిబాబు వాళ్ళ జనరేటరు దగ్గరికి పట్టుకెళ్ళి కూర్చునేదాన్ని. చీర ఒళ్ళో ఉన్న ఆ రోజులన్నీ ఆయన చేసి ఉంటే దొరికేది కాదు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

ఆయన చేస్తాడని నాలో నమ్మకం ఉండి ఉంటే గుర్తుండేది కదా. నువ్వు చెప్పావు కనుక నమ్మాననుకున్నాను. నువ్వేమీ చెప్పలేదని ఇప్పుడు తెలిసింది. చెప్పకుండానే నమ్మాను. నాకు ముందే తెలిసి ఉంటుంది.

వదిన పంపినవి వృథా పోవు. ఆ రోజు పొద్దున ఆఖరుసారి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు ముడుస్తారు కదా. అప్పుడు ఈ పసుపే రాయమంటాను. ఎర్ర గుడ్డ రవికగా కుట్టించమని పక్కింటి సాయిదుర్గకి ఇచ్చాను, ఆ పూటకి. తర్వాత నీ చీర. రంగు బాగుంది. కొట్టమ్మాయి చెప్పింది అబద్ధం కాదు, అటు హంసలదీవి వైపు తెల్లవారుజామున చూస్తే ఇలాగే ఉంటుంది. మీరు మగాళ్ళు అప్పటికే పడవల్లో ఉంటారు, వల కేసి చూస్తారు. ఒడ్డున నిలబడేవాళ్ళకి కనిపిస్తుంది.

గాజులు ఎవరినీ పగలగొట్టనివ్వను. నేనే తీసి గూట్లో పెడతాను. మావయ్యతో చెప్పాను, సరే అన్నాడు.

వచ్చేటప్పుడు గుడివాడ మీదుగా రావడం చుట్టుదారని తెలుసు. అయినా రా. స్టేషన్లో ఇడ్లీ పొట్లాలు రెండు పట్టుకురా. నువ్వొకటి తిను.

చెన్నై వెళ్ళొద్దు.

ఇది అందగానే ఫోను చెయ్యి. ఛార్జింగు పెట్టాను. ఎప్పుడు చేసినా ఫరవాలేదు, ఎంతసేపు మాట్లాడినా ఫరవాలేదు. ఆ సబ్‌మెరీను గురించి మళ్ళీ చెప్పు. మేనేజరు కుర్చీలు జరిపినట్టు చెప్పు.

అంకమ్మ.